‘పదిహేను రోజులు సూది ఆపి చూద్దాం’ అంటున్న నాన్న

ప్రకాశం జిల్లా నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. అందులోని విషయం ఇది.

ఆమె కూతురికి ఎనిమిదేళ్లు. దసరా సెలవుల్లో పిల్ల ఒకటే నీళ్లు తాగడం, రాత్రుళ్లు పక్క తడపడం మొదలుపెట్టింది. నెలలో మూడు కిలోలు తగ్గింది. కడుపునొప్పి, వాంతులంటే ఊళ్లో రెండు రోజులు సెలైన్ పెట్టించారు. ఆయాసం వచ్చాక గుంటూరు తీసుకెళ్తే షుగర్ 480, కీటోన్లు (ఇన్సులిన్ అందక కొవ్వు కరిగితే పేరుకునే ఆమ్లాలు) ఉన్నాయని నాలుగు రోజులు ఐసీయూలో ఉంచారు. టైప్ 1 డయాబెటిస్ అని, జీవితాంతం ఇన్సులిన్ తీసుకోవాలని చెప్పి పంపారు. అప్పుడు పాప బరువు 20 కిలోలు. రోజుకి 18 యూనిట్ల 30/70 మిశ్రమం (త్వరగా పనిచేసేదీ నిదానంగా పనిచేసేదీ కలిపిన ఇన్సులిన్) రాశారు, పొద్దున 12, రాత్రి 6.

నెలన్నర గడిచాక ఎవరో చెబితే భర్త ఒక నాటువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆకుపసరు, ఒక పొడి ఇచ్చి ఆరు నెలల్లో సూది అక్కర్లేకుండా చేస్తానన్నాడట. నలభై వేలు కట్టారు. రెండు వారాలు తిరగకుండానే షుగర్ 60కి పడిపోవడం మొదలైంది. పిల్లల డాక్టరు మోతాదు తగ్గిస్తూ వచ్చి 7 యూనిట్లకు తెచ్చారు, పొద్దున 4, రాత్రి 3. ఇది తాత్కాలికమని కూడా చెప్పారు. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెవికెక్కలేదు. రాత్రి సూది అక్కర్లేదని భర్తే తీర్మానించాడు. ఈమె అతను నిద్రపోయాక వారానికి మూడు నాలుగు రాత్రులు దొంగచాటుగా ఇస్తున్నారు. ‘నాన్నకి చెప్పొద్దు’ అని పాపకి నేర్పారు. పొద్దున్నే తీసిన షుగర్ అంకెలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. అత్తగారి భయం వేరు: ఆడపిల్లకి సూదులని బయటపడితే రేపు ఎవరు చేసుకుంటారని.

పోయిన వారం భర్త తేల్చి చెప్పాడట: “నా కూతురు, నా ఇష్టం. స్కూలు పరీక్షలయ్యాక పదిహేను రోజులు పూర్తిగా ఆపి చూద్దాం. కాదంటే నువ్వు పుట్టింటికి పో, పిల్లని మాత్రం పంపను.” తండ్రికి ఆ హక్కు ఉందా, ఫిర్యాదు చేస్తే ప్రభుత్వం పాపని హాస్టల్లో పెడుతుందా, ఇల్లు చెదరకుండా బిడ్డను కాపాడుకునే దారి ఉందా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, హక్కుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ రాత్రి సంగతి చూడండి.

మీరు రాసిన అంకెల్లో రాత్రి డోసు పడని మర్నాడు పరగడుపున 240, 270, ఒకసారి 310 ఉన్నాయి. అంటే తెల్లవారుజామున పాప ఒంట్లో సరిపడా ఇన్సులిన్ లేదన్నమాట. ఇప్పుడు మామూలుగా గడిచిపోతున్నట్టు కనిపిస్తుంది కానీ ఒక జ్వరం, ఒక గొంతునొప్పి చాలు. జ్వరంలో శరీరం విడుదల చేసే హార్మోన్లు ఇన్సులిన్ అవసరాన్ని ఒక్కసారిగా పెంచేస్తాయి. ఇన్సులిన్ దొరకని శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, దాంతో రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి. ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ ఐసీయూ దాకా వెళ్లొచ్చు. రేపే డాక్టరుకి ఫోన్ చేసి రాత్రి డోసు సగం రోజులు పడటం లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇది దాచిపెట్టే విషయం కాదు. ఆయన మోతాదు లెక్కంతా రోజూ రెండు పూటలా పడుతోందన్న నమ్మకం మీద నడుస్తోంది. పొద్దున సూదికి మీ ఇంట్లో అడ్డు లేదు కాబట్టి, దాదాపు 24 గంటలు పనిచేసే ఇన్సులిన్‌ని పొద్దున్నే ఇచ్చే పద్ధతికి మార్చే వీలుందేమో అడగండి. రాత్రి భోజనం తర్వాత పెరిగే షుగర్‌ని అది పూర్తిగా అదుపు చేయలేకపోవచ్చు, కానీ రాత్రంతా ఒళ్లు ఇన్సులిన్ లేకుండా ఉండే ప్రమాదం తగ్గుతుంది. మార్చాలో వద్దో డాక్టరే నిర్ణయించాలి, మీ అంతట మీరు ఏదీ మార్చకండి.

పక్కింటి ఫ్రిజ్‌లో దాచానని రాసిన రెండో ఇన్సులిన్ సీసాని కూడా ఒకసారి చూడండి. సీసా మీద 40 ఐయూ (ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు) అని ఉంటే ఎర్ర మూత సిరంజి వాడాలి, 100 ఐయూ అని ఉంటే నారింజ మూతది. పెన్నులో వేసే 100 ఐయూ కార్ట్రిడ్జ్ నుంచి ఎర్ర మూత సిరంజితో తీస్తే మూడు యూనిట్లు అనుకున్నది ఏడున్నర అవుతుంది. నిద్రలో ఉన్న 20 కిలోల పిల్లకి అది ప్రాణాపాయం. సీసాని డీప్‌ఫ్రీజర్ పక్కన పెట్టొద్దు, గడ్డకట్టిన మందు పారేయాల్సిందే. తెరిచిన తేదీ సీసా మీద రాసి నాలుగు వారాలకి మార్చేయండి. తీసే ముందు రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే మందంతా పాలలా ఒకే రంగులోకి రావాలి. తెల్లటి పలుకులు కనిపిస్తే వాడొద్దు. చీకట్లో ఇస్తున్నారని రాశారు. డోసే మూడు యూనిట్లయినప్పుడు సిరంజి మీద ఒక్క గీత తేడా వస్తే మూడో వంతు తేడా వచ్చినట్టే.

ఇక మీ ఆయన నమ్మకం. ఆయన్ని మూర్ఖుడనుకోవద్దు. ఆయన కళ్లతో చూస్తే 18 యూనిట్లు 7 అయ్యాయి. పసరు మొదలుపెట్టాకే అయ్యాయి. కళ్లెదుట జరిగినదాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే.

కానీ జరిగింది వేరు. రోగనిరోధక వ్యవస్థ దారితప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను తనే చంపేయడం టైప్ 1 జబ్బు. రోగం బయటపడే నాటికి చాలా కణాలు పోయి ఉంటాయి. మిగిలినవి కూడా అంత షుగర్ మధ్య సొమ్మసిల్లి ఉంటాయి. బయటి నుంచి ఇన్సులిన్ అందాక వాటికి ఊపిరి ఆడుతుంది, కొన్ని వారాలు, కొన్ని నెలలు మళ్లీ పనిచేస్తాయి. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. మామూలుగా పిల్లలకి రోజుకి కిలో బరువుకి అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా పడుతుంది. ఈ దశలో అర యూనిట్‌కి లోపలికి వచ్చేస్తుంది. మీ పాప లెక్క కట్టండి: మొదట్లో కిలోకి 0.9, ఇప్పుడు 0.35. ఏ పసరూ తాగని పిల్లల్లో కూడా చాలామందికి ఇలాగే తగ్గుతుంది, అదీ జబ్బు బయటపడిన మొదటి మూడు నెలల్లోనే. మీరు పసరు మొదలుపెట్టింది సరిగ్గా ఆ రోజుల్లో. కాకి వాలడం, తాటిపండు రాలడం అంటామే, అచ్చంగా అదే. ఆ కణాల మీద దాడి మాత్రం ఆగలేదు. అవీ పోయాక మోతాదు మళ్లీ పెరుగుతుంది, ఈడు వచ్చే వయసులో ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ దశలో కూడా చిన్న మోతాదైనా సరే కొనసాగించాలంటారు.

పొడి విషయంలో ఇంకో అనుమానం ఉంచుకోవాలి. షుగర్‌కని అమ్మే పొడుల్లో ఇంగ్లిషు షుగర్ మాత్రలు నూరి కలిపిన ఉదంతాలు చాలాసార్లు బయటపడ్డాయి, సీసం లాంటి లోహాలు కూడా దొరికాయి. ఉన్నట్టుండి షుగర్ 60కి పడటంలో దాని పాత్ర ఉందో లేదో పరీక్ష చేయకుండా చెప్పలేం. ఆ పొడి రెండు చెంచాలు ఒక పొట్లంలో కట్టి డాక్టరుకి చూపించండి.

మీ నోటుపుస్తకం దగ్గరికి వద్దాం. మీ చేతిలో ఉన్న పెద్ద ఆధారం అదే. మీరు గమనించారో లేదో, తెలియకుండానే మీరొక పరీక్ష నడిపారు. పొడి రోజూ పడింది, ఒక్క రోజు కూడా మానలేదు. రాత్రి ఇన్సులిన్ కొన్ని రోజులు పడింది, కొన్ని రోజులు పడలేదు. పడిన మర్నాడు 110, 125, 140. పడని మర్నాడు 240కి పైనే. పొడి పనిచేసేదైతే రెండు వరసలూ ఒకేలా ఉండాలి కదా. మీ ఆయన సాయంత్రం ఆరింటికి మాత్రమే షుగర్ చూస్తారని రాశారు. ఆ వేళకి కనిపించే 140 పొద్దున నాలుగు యూనిట్ల పుణ్యం. పరగడుపు అంకె ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒక తెల్లకాగితం మీద రెండు నిలువు గడులు గీసి, తేదీల ప్రకారం ఎత్తి రాయండి.

అయితే ఆ కాగితం చూపిస్తే మీరు చాటుగా ఇచ్చిన సంగతి బయటపడుతుంది. ఇంట్లో రాత్రిపూట ఒంటరిగా చెప్పొద్దు. ఉత్తరంలో ఆయన కోపం గురించి మీరు రాసిన రెండు వాక్యాలు చదివాకే ఈ మాట అంటున్నాను. డాక్టరు గదిలో, ఆయన మాట వినే పెద్దమనిషి ఎవరైనా పక్కనుండగా చెప్పండి. మీ బావగారి పేరు రాశారు, ఆయన సరైన మనిషిలాగే ఉన్నారు. డాక్టరుకి ముందే ఫోన్ చేసి అరగంట సమయం అడగండి. ఓపీ రద్దీలో ఐదు నిమిషాల్లో తేలే మాట కాదిది. అత్తగారినీ తీసుకెళ్లండి. సి-పెప్టైడ్ అనే రక్తపరీక్ష గురించి అడగండి, పాప సొంతంగా ఇంకా ఎంత ఇన్సులిన్ తయారుచేసుకుంటోందో అది చూపిస్తుంది. కొన్ని నెలల తేడాతో రెండుసార్లు చేయిస్తే మిగిలిన కణాలు ఎటు పోతున్నాయో మీ ఆయన తన కళ్లతోనే చూసుకోవచ్చు. వచ్చేటప్పుడు ‘ఇన్సులిన్ ఆపితే ప్రాణాపాయం’ అని డాక్టరు చేత చీటీ మీద రాయించి, సంతకం, తేదీ వేయించుకోండి. ఆ చీటీ రేపు ఏ మలుపులోనైనా అక్కరకొస్తుంది.

ఆ గదిలో ఇన్సులిన్ ఒక్కదాని మీదే గట్టిగా నిలబడండి. పొడి కూడా ఈరోజే మానాలని పట్టుబడితే ఆయన రెండింటికీ అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. పొడి గురించి డాక్టరు చెప్పనివ్వండి. ఆహారం, ఆచారం, మొక్కులు, ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, వీటన్నిటిలో తండ్రి మాటకి చోటివ్వొచ్చు. రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ కేజీహెచ్‌లో, హైదరాబాదు నిమ్స్‌లో, ఉస్మానియాలో హార్మోన్ జబ్బుల విభాగాలున్నాయి, ఆయన్నే ఎంచుకోమనండి.

‘ఆపి చూద్దాం’ అనే మాటకి డాక్టరు గదిలోనే జవాబు రావాలి. ఆపి చూసిన కాలం ఒకటుంది. ఇన్సులిన్‌ని 1921లో టొరంటోలో కనుక్కున్నారు, 1922 జనవరిలో పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకి తిండి తగ్గించి కడుపు మాడ్చడం ఒక్కటే వైద్యం. వాళ్లలో ఎక్కువమంది ఏడాది రెండేళ్లలో పోయేవారు. మా కాలంలో పిల్లలకి షుగర్లున్నాయా అని మీ అత్తగారు అడిగారు. ఉన్నాయి, గుర్తించేలోపే పోయేవారు. పెళ్లి భయానికి కూడా ఆవిడకి సూటిగా చెప్పాలి. ఇన్సులిన్ సరిగ్గా పడే పిల్ల ఎదుగుతుంది, సమయానికి ఈడేరుతుంది, పెళ్లి చేసుకుని పిల్లల్ని కంటుంది. ఏళ్ల తరబడి షుగర్ అదుపు తప్పితే ఎదుగుదల ఆగుతుంది, కళ్లు, కిడ్నీలు దెబ్బతింటాయి. మనవరాలి పెళ్లే ఆవిడ బెంగ అయితే సూది ఆపమనడానికి అది కారణం కాదు.

ఇక ‘నా కూతురు, నా ఇష్టం’. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956 తండ్రిని సహజ సంరక్షకుడంటుంది, ఆ తర్వాత తల్లిని. ఈ ‘తర్వాత’ అనే మాటకి తండ్రి చనిపోయాక అని మాత్రమే అర్థం చెప్పుకోకూడదని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి పట్టించుకోని స్థితిలో తల్లే సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చు. అదే చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం అన్నిటికన్నా పైన ఉండేది బిడ్డ క్షేమం. సంరక్షకుడి హోదా బిడ్డ తరఫున నిర్ణయం తీసుకోవడానికి ఇచ్చిందే తప్ప, బిడ్డకి ప్రాణాధారమైన మందు ఆపడానికి ఇచ్చింది కాదు. ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒప్పందంలో భారతదేశం 1992లో చేరింది. వైద్యం అందుకునే హక్కు పిల్లలదే అని దాని 24వ అధికరణం చెబుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 75వ సెక్షన్, తన సంరక్షణలోని బిడ్డను నిర్లక్ష్యం చేసి అనవసరమైన బాధకు గురిచేసిన వారికి మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ అంటుంది. ఇలాంటి నిర్లక్ష్యంలో తల్లిదండ్రులకి మినహాయింపు లేదు. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో 2022 జనవరిలో, మీ పాప వయసే, ఎనిమిదేళ్ల టైప్ 1 పాప చనిపోయింది. దేవుడు నయం చేశాడని నమ్మి ఇంట్లోవాళ్లు ఇన్సులిన్ ఆపేశారు. పదిహేను రోజులు కూడా పట్టలేదు, కొద్ది రోజుల్లోనే అయిపోయింది. 2025లో అక్కడి కోర్టు తల్లిదండ్రులతో సహా 14 మందిని దోషులుగా తేల్చింది. ఆ తండ్రికి కూతురంటే ప్రేమ లేదని ఎవరూ అనలేదు.

డాక్టరు గదిలో పని జరగకపోతే? మూడు దారులున్నాయి, ప్రతిదానికీ ఒక బరువుంది.

పాపని తీసుకుని పుట్టింటికి వెళ్లడం ఒకటి. కోర్టు ఉత్తర్వేదీ లేనప్పుడు తల్లి బిడ్డని తీసుకెళ్తే అది సాధారణంగా నేరం కాదు. ఆయన పోలీసు స్టేషన్‌కో, కస్టడీ కోసం కోర్టుకో వెళ్లొచ్చు. అప్పుడు డాక్టరు చీటీ, నోటుపుస్తకం, డిశ్చార్జి సమ్మరీ మీ దగ్గరుండాలి. ఒట్టి చేతులతో వెళ్తే ‘అలిగి వెళ్లింది’ అంటారు. పరీక్షలు అయిపోయే రోజుకన్నా ముందే దీన్ని నిర్ణయించుకోవాలి, ఆయన గడువు పెట్టింది ఆ తర్వాతి నుంచే కాబట్టి.

రెండోది బాలల సంక్షేమ కమిటీ. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే చాలు, లేదా ఒంగోలులో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి రాసివ్వొచ్చు. మీరు భయపడ్డట్టు పాపని హాస్టల్లో పెట్టరు. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమని చట్టంలోనే ఉంది, పైగా సరిగ్గా చూసుకుంటున్న తల్లి మీరున్నారు. కమిటీకి మేజిస్ట్రేట్ అధికారాలుంటాయి. తండ్రిని పిలిపించి కౌన్సెలింగ్ ఇప్పించడం, పాపని ఇంట్లోనే ఉంచి సామాజిక కార్యకర్త పర్యవేక్షణ పెట్టడం దాని పరిధిలోవే. ప్రభుత్వం తరఫున ఒకరు ఇంటికొచ్చి అడిగితే తగ్గే మగవాళ్లున్నారు, ఇంకా బిగుసుకునేవాళ్లూ ఉన్నారు. మీ ఆయన ఏ రకమో మీకే తెలుసు.

మూడోది కోర్టు. గృహహింస చట్టం 2005 కింద మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు, పాప తాత్కాలిక కస్టడీ ఇవ్వగలరు. అత్యవసరమైతే అవతలివాళ్లను వినకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే వీలుంది. లాయరు ఖర్చుకి వెనకాడొద్దు, మహిళలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి. ఈ దారిలో కాపురానికి తగిలే దెబ్బ ఎక్కువ. ఆయన ఇన్సులిన్ పారబోసినా, మీ మీద చెయ్యి చేసుకున్నా ఇక ఆలోచించాల్సింది లేదు, ఇదే దారి.

నాటువైద్యుడి సంగతి తర్వాతైనా వదలొద్దు. మధుమేహం నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. కరపత్రమో వాట్సాప్ మెసేజో ఉంటే దాచి ఉంచండి. ఇప్పుడే దాని వెంట పడితే మీ ఆయన అతని పక్షాన నిలబడతారు.

ఈలోపు ఎప్పుడైనా పాపకి వాంతులు, కడుపునొప్పి, లోతైన గసగస ఊపిరి, నోటి నుంచి పండిన పండు వాసన, మగత, వీటిలో ఏది కనిపించినా షుగర్ చూడండి. 250 దాటితే మూత్రంలో కీటోన్ పట్టీ ముంచి చూడండి. పట్టీ సీసా మెడికల్ షాపులో దొరుకుతుంది, ఈ వారమే తెచ్చిపెట్టుకోండి. రంగు మారితే ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు, ఊళ్లో మళ్లీ సెలైన్ పెట్టించొద్దు. ఈ స్థితిలో ద్రవాలు లెక్క తప్పితే పిల్లలకి మెదడు వాపు రావొచ్చు. 108 పిలిచి పిల్లల ఐసీయూ ఉన్న చోటికి వెళ్లండి. తినడం లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానకండి, ఎంత ఇవ్వాలో ఫోన్లో అడగండి. ప్రాణాపాయంలో వైద్యం మొదలుపెట్టడానికి తండ్రి సంతకం కోసం ఆగక్కర్లేదు, మీ సంతకం చాలు. ఆయన వచ్చి లామా (డాక్టర్లు వద్దన్నా మా ఇష్టంతో తీసుకెళ్తున్నామనే పత్రం) రాసి తీసుకెళ్తానంటే మీరు సంతకం పెట్టొద్దు. ‘తల్లి ఒప్పుకోలేదు’ అని కేస్‌షీట్‌లో రాయమని డ్యూటీ డాక్టర్ని అడిగి, అక్కడి నుంచే 1098కి ఫోన్ చేయండి. షుగర్ 70 కన్నా కిందికి పడితే రెండు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించి పావుగంటకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. స్కూలు టీచరుకి ఈ సంగతి తెలియదని రాశారు. రేపే చెప్పండి, బ్యాగులో గ్లూకోజ్ పొట్లం పెట్టండి.

పాపతో కూడా ఒకసారి మాట్లాడండి. నాన్నకి చెప్పొద్దన్న మాటని ఆ వయసు పిల్ల మరోలా అర్థం చేసుకుంటుంది, సూది తప్పుపని కాబోలని. ఒళ్లు బాగాలేనప్పుడు కూడా అదే అలవాటులో దాచేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు రాత్రి చెప్పండి: సూది తప్పు కాదు, రేపు నాన్నకి మనమే చెబుతున్నాం, కడుపునొప్పొచ్చినా కళ్లు తిరిగినా నాన్నకి, నాకు, టీచరుకి ఎవరికైనా సరే వెంటనే చెప్పాలి అని.